క్యోటో వెళ్ళేవాళ్ళు ఉజిలో ఒక పూట దిగండి

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే మీ పత్రికలో విదేశీ టూర్ల ప్రకటనలు మొదలవుతాయి. ఈసారి జపాన్‌వి బాగా కనిపిస్తున్నాయి. టోక్యో, ఫూజీ పర్వతం, క్యోటో, నారా, ఒసాకా, రోజూ రాత్రి ఇండియన్ భోజనం. మొన్న ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన జపాన్ యాత్ర వ్యాసం కూడా ఈ దారినే వెళ్ళింది. ఆ ప్రకటనల్లో గానీ, వ్యాసంలో గానీ, క్యోటో పక్కనే ఉండే, గ్రీన్ టీకి పేరున్న ఉజి అనే ఊరి పేరు ఎక్కడా లేదు. ఆ ఊరి కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు కంచరపాలెంలో మిఠాయి కొట్టు ఉంది. మా తాత, మా నాన్న, ఇప్పుడు నేను. పదిహేనేళ్ళ వయసు నుంచీ బాణలి ముందు నిలబడ్డవాణ్ణి. పోయిన ఏడాది మే నెలలో నేనూ మా ఆవిడా ఒక టూర్ కంపెనీ బృందంతో జపాన్ వెళ్ళివచ్చాం. ముప్ఫై మందికి పైగా ఉన్నాం, అందరూ విశాఖ, అనకాపల్లి, విజయనగరం వాళ్ళే. సగం మంది శాకాహారులు. పులిహోర పేస్టు, కందిపొడి, ఊరగాయ, చేగోడీలు, ఇవే సగం సూట్‌కేసు. ఆ దేశంలో మనకు తిండి దొరకదని అందరికీ టెన్షన్.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అక్కడ నూడుల్స్ పులుసులోనూ, కూరల్లోనూ ఎండు చేప నీళ్ళు కలుస్తాయి. కానీ మిఠాయిల సంగతి పూర్తిగా వేరు. వాళ్ళ పాతకాలపు తీపి వంటల్లో చేప లేదు, నెయ్యి లేదు, పాలు కూడా చాలావాటిలో లేవు. బియ్యప్పిండి, చిక్కుడు జాతి గింజలు, చక్కెర, సముద్రపు నాచు, గ్రీన్ టీ పొడి. పప్పు ఉడకబెట్టి పూర్ణం చేసుకునే మనలాంటి వాళ్ళకు ఇంతకన్నా దగ్గరి తిండి ఆ దేశంలో లేదు. ఎనిమిది రోజులు తిరిగిన మా బృందంలో చాలామంది అది నోట పెట్టకుండానే తిరిగి వచ్చేశారు. నాకు అదే బాధ.

నారా నుంచి క్యోటోకి బస్సులో వస్తుంటే హైవే మీద ఆకుపచ్చ బోర్డు కనిపించింది. ఉజి అని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. మా మేనల్లుడు నగోయాలో ఉద్యోగం చేస్తున్నాడు. ‘మావయ్యా, నువ్వు మిఠాయి పనివాడివి, ఇంకేది చూసినా చూడకపోయినా ఉజి చూడాలి’ అని బయలుదేరే ముందే చెప్పాడు. గైడు దగ్గరికి వెళ్ళి ఒక్క గంట ఆపమని అడిగాను. ప్రోగ్రాంలో లేదండి అన్నాడు. సరే అని కూర్చున్నాను. ఆ తరువాత అదే బస్సు క్యోటోలో ఒక డ్యూటీ ఫ్రీ కొట్టు ముందు గంటన్నర ఆగింది. ఫేస్ క్రీములు, కాళ్ళ నొప్పుల పట్టీలు, కత్తులు. అక్కడికి వెళ్తామని కూడా ప్రోగ్రాంలో లేదు. ఆ గంటన్నర ఉజిలో ఇచ్చి ఉంటే ముప్ఫై మంది జీవితాంతం చెప్పుకునేవాళ్ళు.

మర్నాడు మాకు ఖాళీ రోజు. మా మేనల్లుడు పొద్దున్నే బుల్లెట్ రైలెక్కి క్యోటో వచ్చాడు. స్టేషన్లో నారా లైను రైలు ఎక్కాం. ఫాస్ట్ రైలైతే ఇరవై నిమిషాలు పట్టదు, పాసింజరైతే అరగంట లోపు. టికెట్ మూడు వందల యెన్లు కూడా కాదు. స్టేషన్ బయటికి రాగానే పోస్టు డబ్బా ఒకటి టీ జాడీ ఆకారంలో నిలబెట్టి ఉంది. మా ఆవిడ దాన్ని తట్టి చూసింది.

అక్కడి నుంచి బ్యోదోయిన్ గుడికి నడిచే వీధి ఉంది చూడండి, ఆ వీధి వాసన నేను మరిచిపోలేను. టీ ఆకు వేయిస్తున్నారు. అలా వేయించిన ఆకును హోజిచా అంటారు. మన ఇంట్లో కాఫీ గింజలు పెనం మీద వేయించే రోజుల్లో వీధి చివరి దాకా వచ్చే వాసన గుర్తుందా, ఇంచుమించు అదే. దాంట్లో కాలుతున్న ఎండుగడ్డి వాసన కొంచెం కలపండి. రెండు వైపులా కొట్లు. టీ ఐస్‌క్రీమ్, టీ నూడుల్స్, టీ పూర్ణం పెట్టిన బన్నులు, టీ కలిపిన ఉప్పు. చివర ఆ గుడి. 1053లో కట్టిన ఫీనిక్స్ మండపం, వాళ్ళ పది యెన్ల నాణెం మీద ఉండేది అదే. గుడి చూసి ఆ నాణెం జేబులోంచి తీసి పోల్చుకున్నాం.

ముందు తిన్నది చా దంగో. ఉజి వంతెన పక్కన త్సూఎన్ అని ఒక టీ కొట్టుంది, 1160 నుంచీ ఉందని చెబుతారు. పుల్లకు గుచ్చిన చిన్న చిన్న ఆకుపచ్చ ఉండలు. నోట్లో వేసుకోగానే మా ఆవిడ ‘ఇవి ఉండ్రాళ్ళే కదండీ’ అంది. అవును, ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి ఉండ్రాళ్ళే. కాకపోతే పిండి బాగా మర్దించడం వల్ల సాగుతుంది, పంటికి అంటుకోదు. తీపి తక్కువ. మింగాక టీ చేదు గొంతులో సన్నగా మిగులుతుంది. నది ఒడ్డున కూర్చుని తిన్నాం. ఉజి నది వేగంగా పారుతుంది, మాట్లాడుకోవాలంటే కాస్త గొంతు పెంచాల్సి వచ్చింది.

తరువాత స్టేషన్ దగ్గరే ఉన్న నకమురా తోకిచి అసలు కొట్టుకి వెళ్ళాం. 1854లో మొదలైన టీ వ్యాపారం. పేరు రాయించుకుని గంటకు పైగా ఎదురు చూశాం. ఇక్కడ పేరున్నది టీ జెల్లీ. పచ్చి వెదురు బొంగు కోసి గిన్నెలా చేసి అందులో పెట్టి తెచ్చారు. ముదురాకుపచ్చ ముక్కలు, మీద టీ ఐస్‌క్రీమ్, రెండు తెల్ల ఉండ్రాళ్ళు, పక్కన ఎర్రగింజల పూర్ణం. జెల్లీ ఒక్కటే తింటే చేదు. పూర్ణం ఒక్కటే తింటే మొహం మొత్తే తీపి. రెండూ ఒకే చెంచాలో తీసుకోవాలి, అప్పుడు తెలుస్తుంది. మనం తీపి వంటలో చేదు అనేదే రానివ్వం. పాకం కాస్త మాడితే బాణలి మొత్తం పారబోస్తాం. వాళ్ళు చేదును చివరి దాకా కాపాడి, దాని పక్కన తీపిని సరిపడా పెడతారు. నలభై ఏళ్ళు మిఠాయిలు చేసి, ఇది నాకు ఆ రోజు కొత్తగా తెలిసింది.

ఆ ఎర్రగింజలను అజుకి అంటారు. తొక్కతో సహా మెదిపితే ఒక పేరు, తొక్క తీసి జల్లిస్తే ఒక పేరు. మా కొట్లో బూరెల పూర్ణం శనగపప్పుతో, బెల్లంతో చేస్తాం. ఉడికించడం, నీరు ఇగిరే దాకా తిప్పడం, గరిట నిలబడే పాకానికి రావడం, అన్నీ ఒకటే. యాలకులు లేవు, నెయ్యి లేదు, అంతే తేడా.

ఇక వారబి మోచి. ఇది కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే దీన్ని తిన్నాకే ఈ ఉత్తరం రాయాలని నాకు అనిపించింది. వారబి అంటే కొండల్లో పెరిగే ఒక రకం ఫెర్న్ మొక్క. దాని దుంప దంచి, నీళ్ళలో కడిగి, పిండి అడుగున పేరుకున్నాక తీస్తారు. అసలు వారబి పిండి చాలా ఖరీదు, అందుకే ఎక్కువ కొట్లలో చిలగడదుంప పిండి లాంటివి వాడతారు. ఆ పిండిని నీళ్ళలో, చక్కెరలో కలిపి సన్న సెగ మీద తిప్పుతూ తిప్పుతూ ఉంటే తెల్లటి నీళ్ళు కాస్తా అద్దంలా అవుతాయి. మాడుగుల హల్వా చేసేవాళ్ళకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పేరిన పాలను బాణలిలో తిప్పితే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. తెలుపు పోయి పారదర్శకం వచ్చే ఆ ఘడియ చెయ్యికి తెలుస్తుంది, గరిట బరువెక్కుతుంది. టీ కలిపిన వారబి మోచి ముక్క ఒకటి పుల్లతో పైకెత్తి వెలుతురుకు పెట్టి చూశాను. పాచి పట్టిన కోనేటి నీళ్ళ రంగు, లోపల ఒక్క గాలి బుడగ లేదు. పైన వేయించిన సోయా పొడి చల్లారు, అచ్చం మన పుట్నాల పొడి. పక్కన చిన్న కూజాలో నల్లబెల్లం పాకం. ఆ పాకం వాసన చూస్తే అనకాపల్లి బెల్లం మార్కెట్లో నిలబడ్డట్టే ఉంది.

ఇక్కడ ఒక సొంత మాట చెప్పాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. మా తాత కూడా పెళ్ళాం పిల్లల్ని తీసుకుని మాడుగుల వెళ్ళిపోయాడు. అక్కడ ఒక హల్వా బట్టీలో కూలికి చేరి పని నేర్చుకున్నాడు. గొడవ సద్దుమణిగాక తిరిగి వచ్చి కంచరపాలెంలో పొయ్యి పెట్టాడు. మళ్ళీ 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం మన రేవు నుంచే జపాన్‌కు వెళ్ళడం మొదలైంది, అరకు రైలు నడిచే కొత్తవలస, కిరండూల్ లైను దానికోసం వేసిందే. రేవు పని దిగి ఇంటికి పోతూ మా కొట్లో జిలేబి కట్టించుకున్నవాళ్ళ డబ్బుతోనే నేను బడికి వెళ్ళాను. వారబి మోచి ప్లేటు ముందు కూర్చుని మా ఆవిడకు ఇదంతా చెప్పాను. మా మేనల్లుడికి కూడా అప్పటి దాకా తెలియదు.

టీ పొడి సంగతి. మాచా అంటే ఏదో ఒక గ్రీన్ టీ పొడి కాదు. ఆకు కోయడానికి మూడు వారాల ముందు నుంచీ తోట మీద నల్ల తెరలు కప్పుతారు. తమలపాకు తోటకు మనం అవిసె చెట్ల నీడ పట్టినట్టు. ఎండ తగలక ఆకు ముదురు పచ్చగా, మెత్తగా వస్తుంది, వగరు తగ్గి కమ్మదనం నిలుస్తుంది. ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, ఈనెలు తీసేసి, మిగిలిన ఆకును రాతి తిరగల్లో విసురుతారు. ఒక తిరగలి గంటకు నలభై గ్రాములే ఇస్తుంది. వేగంగా తిప్పితే రాయి వేడెక్కి వాసన పోతుంది. ఒక టీ కొట్లో నన్ను కూడా తిప్పనిచ్చారు. మా అమ్మమ్మ కందులు విసిరిన తిరగల్లో సగం ఉంటుంది. పది నిమిషాలు తిప్పితే అంచున చెంచాడు పొడి చేరింది. వేలితో తాకితే పిండిలా లేదు, పౌడరు రాసుకున్నట్టు చర్మంలో కలిసిపోయింది.

మన ఊళ్ళో ఒక కాఫీ షాపులో మాచా కేక్ అని తిన్నాను, పేరు అనవసరం. తిన్నాక నాలుక పచ్చబడింది. రంగు ఏదో, ఆకు ఏదో నాకు చూడగానే తెలుస్తుంది. మా బృందంలో కొందరు అలాంటివి ఇక్కడ తిని, మాచా అంటే ఇంతే కదా అనుకుని అక్కడ ముట్టుకోలేదు. దయచేసి అలా చేయకండి.

శాకాహారులకు రెండు జాగ్రత్తలు. ఒకటి జెలటిన్. వాళ్ళ పాత పద్ధతి జెల్లీ కాంటెన్‌తో చేస్తారు, అది సముద్రపు నాచు, ఏ అభ్యంతరమూ లేదు. కానీ కొత్తరకం మూస్‌లు, పుడ్డింగులు, కొన్ని జెల్లీలలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉండవచ్చు. జెరాచిన్ అని అడిగితే వాళ్ళకు అర్థమవుతుంది. రెండోది గుడ్డు, తమాగో అనాలి. కాస్తెల్లా అనే కేకులో గుడ్డే ప్రధానం, ఐస్‌క్రీముల్లో కొన్నిటిలో ఉంటుంది. ప్యాకెట్ మిఠాయిల మీద గుడ్డు, పాలు ఉంటే తప్పకుండా రాయాలని అక్కడ చట్టం ఉంది. ఫోన్ కెమెరాతో చదివించుకోవచ్చు. మా ఆవిడ పట్టింపు మనిషి, వెదురు గిన్నె జెల్లీ నాకే వదిలేసింది. దంగో, వారబి మోచి, యోకాన్ అనే పూర్ణం బిళ్ళలు మాత్రం సుఖంగా తింది.

ఉజిలో నగరపాలక సంస్థ నడిపే తైహోఆన్ అనే టీ గది కూడా ఉంది, గుడి పక్కనే. చాప మీద కూర్చోబెట్టి ముందు మిఠాయి ఇస్తారు. అది పూర్తిగా తిన్నాక గిన్నెలో నురగ తేలే మాచా ఇస్తారు. మన పెళ్ళి చూపుల్లో ముందు స్వీటు, తరువాత హాటు, ఆఖర్న కాఫీ ఇచ్చినట్టే అనుకోండి. రెండూ కలిపి ఒకేసారి తినకండి, వరస తప్పితే టీ వట్టి చేదుగా అనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీ ఉందా అని ముందే అడగడం మంచిది.

ఉజికి వెళ్ళడం కుదరనే కుదరదు అనుకునేవాళ్ళకు: క్యోటో గియోన్ వీధిలో త్సుజిరి వాళ్ళ పార్ఫే ఉంది, పొడవాటి గాజు గ్లాసులో ఐస్‌క్రీమ్, జెల్లీ, పూర్ణం వరసలుగా పేర్చి ఇస్తారు, క్యూ ఉంటుంది, మన డబ్బుల్లో ఆరేడు వందల పైమాటే. టోక్యోలో అసకుస గుడికి ప్రతి ప్యాకేజీ వాళ్ళూ తీసుకెళ్తారు. ఆ గుడి వెనక సుజుకిఎన్ అనే కొట్లో మాచా జెలాటో ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లతో ఉంటుంది, నంబరు పెరిగే కొద్దీ టీ చిక్కన. పిల్లలకు ఒకటో రెండో ఇప్పించండి. నేను ఏడు తిన్నాను, నాకు నచ్చింది, మా ఆవిడకు మూడు దగ్గరే చాలయింది. ఎండాకాలం వెళ్తే ఉజి కింతోకి అడగండి, గీసిన మంచు మీద మాచా పాకం, ఎర్రగింజల పూర్ణం. మన ఐస్ గోలా తిన్న నాలుకకు అది కొత్తేమీ కాదు. చేదు అసలు పడని పెద్దవాళ్ళకు హోజిచా ఐస్‌క్రీమ్ ఇప్పించండి. మాచా నిద్ర పట్టనివ్వదు, రాత్రి పూట వద్దు.

పొడి కొనుక్కుని తెచ్చుకునేవాళ్ళకు ఒక మాట. 2024 చివరి నుంచి గిరాకీ పెరిగి క్యోటోలో పేరున్న కొట్లు మనిషికి ఇన్ని డబ్బాలే అని లెక్క పెట్టాయి. చిన్న డబ్బా చాలు. మన సముద్రపు గాలి తేమకు మూత తీసిన పొడి నిలవదు, ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి. నేను తెచ్చింది పాలకోవాలో కలిపి చూశాను. మొదటిసారి పొయ్యి మీద ఉండగానే కలిపాను, ఎండిన గోరింటాకు రంగు వచ్చింది, వాసన పోయింది. రెండోసారి కోవా దించి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, జల్లించిన పొడి కలిపి మెదిపాను. రంగు నిలిచింది, చేదు కూడా నిలిచింది. చక్కెర పావు వంతు తగ్గించాల్సి వచ్చింది. అమ్మకానికి పెట్టలేదు, ఆ పొడి ధరకు మన బేరాలు ఒప్పుకోవు. వీధిలో నలుగురికి పంచాను. పక్కింటి పెద్దావిడ ఇంకొకటి అడిగి తీసుకుంది.

ఇప్పుడు మీ ద్వారా అడగాల్సింది అడుగుతాను. విశాఖ నుంచి జపాన్ బృందాలను తీసుకెళ్ళే టూర్ కంపెనీల వాళ్ళూ, నారా నుంచి క్యోటోకి మీ బస్సు ఎలాగూ ఉజి పక్క నుంచే పోతుంది. డ్యూటీ ఫ్రీ కొట్టు తీసేసి ఒక పూట అక్కడ ఆపండి. పదకొండు గంటలకు దింపి మూడింటికి ఎక్కించుకుంటే చాలు. గుడి, నది, టీ గది, మిఠాయి, అన్నీ అందులో సరిపోతాయి. మీ పత్రిక యాత్రల పేజీ వాళ్ళను కూడా కోరుతున్నాను, దేశాన్ని బట్టి అక్కడ మన శాకాహారులు ఏం తినవచ్చో, ఏ మాటతో అడగాలో ఒక చిన్న పెట్టె కట్టి వేయండి. జనం కత్తిరించి పాస్‌పోర్టులో పెట్టుకుంటారు.

టికెట్లు ఇప్పటికే కొనేసినవాళ్ళు ఖాళీ రోజున సొంతంగా వెళ్ళండి, దారి కష్టమేమీ కాదు. పొద్దున్నే వెళ్ళండి. ఉజిలో చాలా కొట్లు సాయంత్రం ఐదు, ఐదున్నరకల్లా తలుపులు వేసేస్తాయి.

ఇట్లు,
ఒక మిఠాయి కొట్టు యజమాని,
కంచరపాలెం, విశాఖపట్నం.